మార్కుల మెమో, నల్లకోటు

మూడేండ్ల కింద మా బడిల ఒక ఆడపిల్ల పదో తరగతి మెమో పట్టుకొని నా దగ్గరికొచ్చింది. జీపీఏ 6.2. "సార్, నేను లాయర్ సదువుత" అన్నది. నేను మెమో చూసిన, ఆమె మొఖం చూడలే. "ఈ మార్కులకు లా ఎందుకు బిడ్డా, నర్సింగుకు పో, జల్ది నౌకరి దొరుకుతది" అన్న. "సరే సార్" అని పోయింది. మంచి సలహానే ఇచ్చిన అనుకున్న. రాత్రి అన్నం కాడ కూసున్నంక యాదికొచ్చింది: 2004ల ఒక సారు నాకు చెప్పింది కూడా ఇదే మాట.

నాకు పదిల 600కు 247. లెక్కలల్ల సరిగ్గ 35. మా ఇంట్ల పది పాసైన మొదటోణ్ని నేనే, అవ్వ మాదిగవాడంత శక్కెర పంచింది. బడిల మాత్రం "నల్లకోటు తెలివిగల్లోళ్లది రా, నువ్వు ఏదన్న చిన్న పని చూసుకో" అన్నరు. చూసుకున్న. కరీంనగర్ల డిగ్రీ, బీఎడ్ చేసి, 2012 డీఎస్సీల ఆదిలాబాద్ జిల్లాకు సారునై వచ్చిన.

నల్లకోటు మీద మనసెందుకు పడ్డదో చెప్పాలె. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మా బాపును బోరింగు కాడ కులం పేరు పెట్టి తిట్టి కొట్టిండ్రు. కేసయింది. ప్రతి పేషీకి కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని పోయేటోడు. రెండు మూడు సార్లు నన్నూ తోలుకపోయిండు. పేరు పిలిస్తే చేతులు కట్టుకొని లోపలికి పోయేది. లోపల ఏం మాట్లాడిండ్రో బయటికొచ్చినంక మా ఇద్దరికీ తెల్వకపోయేది. ఆఖరికి పెద్దమనుషులు ఒక కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నరు. అది రాజీ కాయితం. చానేండ్లకు ఆ కాయితాలు చదివితే అర్థమైంది: పెట్టింది అప్పటి ఐపీసీ 323 ఒక్కటే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఊసే లేదు. 323ల దెబ్బలు తిన్నోడు రాజీ పడితే కేసు ముగుస్తది. అత్యాచారాల చట్టం కింద పెట్టివుంటే అంత అల్కగ ముగిసేది కాదు. నిజామాబాద్ల వకీలుగా పనిచేసిన బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసింది మా బాపు అసొంటోళ్ల కోసమే. నాకది డిగ్రీలకు వచ్చినంక దొరికింది. 323కు, ఆ చట్టానికి తేడా చదివి చెప్పెటోడు మా వాడల ఒక్కడు లేకపోయె. ఆ తేడా చదవడానికి 600కు ఎన్ని మార్కులు రావాలె?

ఇక్కడ మనోళ్లు అంబేద్కర్ పేరు తీస్తరు. నేనూ తీస్త. 1907ల ఆయన మెట్రిక్ పాసైంది 750కి 282 మార్కులతోని. నూటికి 38 కూడా కాదు. సంస్కృతం చదవనియ్యకపోతే పర్షియన్ తీసుకున్నడు. పరేల్‌ల ఒక్క అర్ర ఇంట్ల, తండ్రి రాత్రి రెండింటికి లేపితే చదివిన చదువు అది. ఆయనే 1922ల లండన్ గ్రేస్ ఇన్‌ల బారిస్టరయిండు.

అయితే మనతోని నాకొక పంచాది ఉన్నది. మీటింగులల్ల 282 అని చెప్పి, చప్పట్లు కొట్టించుకొని ఇంటికి పోతం. ఆ 282కు, బారిస్టరుకు నడుమ పదిహేనేండ్లున్నయి. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ ఉన్నది. దాని గడువైపోయి 1917ల చదువు సగంల ఇడిసిపెట్టి వచ్చుడున్నది. సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి కూడబెట్టుడున్నది, షాహూ మహారాజ్ సాయమున్నది, నవల్ భథేనా అనే పార్సీ దోస్తు ఇచ్చిన అప్పున్నది. "మార్కులదేమున్నది, కష్టపడితే అదే వస్తది" అని పిల్లలకు చెప్పుడు సగం అబద్ధం. ఇంగ్లీషు రాకపోతే హైకోర్టు తీర్పు చదవరాదు, ఆ సంగతి దాసిపెట్టుడు కూడా మోసమే.

మరి నేను చేసిన తప్పేంది? ఓడిపోతే నిలబడే తావు లేనోళ్లకు ఆశ చూపెట్టుడు పాపం కాదా అని నాకు నేను జవాబు చెప్పుకున్న. అండ్ల కొంత నిజముంది. కానీ మార్కులు చెప్పేది ఇప్పటిదాకా ఆ పిల్లకు ఏమందిందన్న సంగతి. ఆమెకు ఏం చాతనైతదో తేల్చే అధికారం నాకెవరిచ్చిండ్రు? ఖర్చెంత, ఏండ్లెన్ని, కష్టమేంది అన్నీ చెప్పి, ఎంచుకునుడు ఆమెకే ఇడిసిపెట్టాలె. నేను తీర్పు చెప్పి దానికి సలహా అని పేరు పెట్టిన. 1990ల మండల్‌కు ఎదురుంగ మెరిట్ మెరిట్ అని రోడ్లెక్కినోళ్లను తిట్టుకుంటనే పెరిగిన. ఆ మాట నా నోట్లకెల్లి వచ్చింది, మా వాడ పిల్ల ముందట.

మర్నాడే వాళ్లింటికి పోయిన. తప్పు చెప్పిన అన్న. వాళ్లవ్వకు నామీద కోపమే, ఇప్పటికీ పూర్తిగ పోలే. పిల్లకు మొన్న ఇంటర్ల 1000కి 431 వచ్చినయి. అయిదేండ్ల లా కోర్సుకు జనరల్ వాళ్లకు నూటికి 45 కావాలె, ఎస్సీ, ఎస్టీలకు 40. వకీలుగా పేరు ఎక్కించుకునేటందుకు బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుండె. చట్టంల ఉన్న 750, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలు, అంతకు మించి తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీ ఫీజు, హాస్టలు లెక్క వేరే. అందుల నా జీతంల నుంచి నెలకెంత పోవాలెనో నా భార్యా నేనూ కాయితం మీద రాసుకున్నం.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంట్ల ఇంగ్లీషు చదువుతున్నది. బాపు నా దగ్గరనే ఉంటడు. మొన్న ఆ రాజీ కాయితం అడిగి తీసుకొని, అరుగు మీద ఒక్కొక్క ఇంగ్లీషు మాట కూడబలుక్కుంట, తెలుగుల బాపుకు చెప్పుకొచ్చింది. రెండు కాడ తప్పు చెప్పింది, నేను దిద్దిన. కింద ఏలిముద్ర కాడికి రాంగనే బాపు, "అది నాదే బిడ్డా" అన్నడు.