పడుకోనిస్తే కదా!

క్రిందటి నెల మా అత్తయ్యగారికి జ్వరం వచ్చి తగ్గింది. నీరసం పోయేదాకా మధ్యాహ్నంపూట రెండు గంటలు పడుకుని తీరాలన్నారు డాక్టరుగారు. ఆవిడ పడుకుంటే, నేను పక్కగదిలో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నా నవల రాసుకునేదాన్ని. ఉండీ ఉండీ దాని లోపలినుంచి 'టిక్' మని చప్పుడు.

"హార్డ్ డిస్కు అమ్మా" అన్నాడు మా అబ్బాయి. అందులో లినక్స్ వేసిపెట్టింది వాడే. బి.ఏ. చదివిన అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. లోపల పళ్ళెంలాంటి బిళ్ళ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుందట. దానిమీద, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తున, చదివే తల తేలుతూ ఉంటుందట. పని లేనప్పుడు కరెంటు పొదుపని ఆ తలను పక్కకు తీసి పడుకోబెడతారు. ఆ చప్పుడే 'టిక్'.

"మంచిదేగా, పాపం పడుకోనీ."

"పడుకోనిస్తే కదా!"

తల వాల్చీ వాల్చకముందే ఏదో చిన్న పని. లినక్స్ తన చిట్టా రాసుకోవాలి. ఫైలు ఎప్పుడు చదివారో అదీ అప్పుడప్పుడు రాసుకోవాలి. మళ్ళీ లేపుతుంది. నిమిషానికి రెండుసార్లు, రోజుకు పది గంటలు అనుకోండి, 1,200 సార్లు. 250 రోజుల్లో మూడు లక్షలు! ఇలాంటి డిస్కులు ఓర్చుకునేది సామాన్యంగా మూడు నుంచి ఆరు లక్షలసార్లేనట. 2007లో ఉబుంటు వేసుకున్న ల్యాప్‌టాప్‌ల విషయంలో దీనిమీదే పెద్ద గొడవ నడిచింది. చూశారా, పని ఎక్కువై కాదు, విశ్రాంతి ఇచ్చే తీరువల్ల అరిగిపోవడం!

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారిని ఎన్నిసార్లు లేపానో లెక్కపెట్టుకున్నాను. ఇంగువ డబ్బా ఎక్కడుందని ఒకసారి. పాలపద్దు ఎంతని ఒకసారి. మాత్ర వేసుకున్నారా అని ఇంకోసారి. చివరికి "నిద్రపట్టిందా అత్తయ్యా?" అని కూడా!

మా వాడు హెచ్‌డీపార్మ్ అనే ఆజ్ఞతో ఆ చీటికీ మాటికీ తల వాల్చడం మానిపించాడు. ఇరవై నిమిషాలు ఏ పనీ లేకపోతేనే డిస్కు ఆగేటట్టు 240 అని రాశాడు. అక్కడ ఒక్కొక్క అంకె అయిదు సెకన్లట. చిన్న చిన్న రాతలన్నీ కూడబెట్టి ఒక్కసారే రాసేటట్టు చేశాడు. "ఈలోగా హఠాత్తుగా ఆగిపోతే ఆ కాస్త రాతా పోతుంది, సరేనా?" అన్నాడు.

సరేననక తప్పుతుందా? "మీరు పడుకోండి" అనడానికి మనకేం ఖర్చు కాదు. పిలవకుండా ఉండడానికే ఖర్చవుతుంది. ఒకరి విశ్రాంతికి పక్కవాళ్ళు కాస్త నష్టం ఒప్పుకోవాలి.

మర్నాడు ఎవరినీ అడక్కుండా పులుసు పెట్టాను. సాయంత్రం అత్తయ్యగారు రుచి చూసి, "ఇంగువ వెయ్యలేదేం? నన్నడక్కపోయావా?" అన్నారు.

"మీరు పడుకున్నారుగా అత్తయ్యా."

ఆవిడ ఓ క్షణం నా మొహంలోకి చూసి, ఇంకో గరిటెడు వడ్డించుకున్నారు.