ఋతువుకు లోబడిన రుచి

రుచిని కోరడం దోషమా అన్న ప్రశ్న భారతీయ నైతిక చింతనకు కొత్తది కాదు. 1930లో ఎరవాడ కారాగారం నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖలలో గాంధీజీ అస్వాదాన్ని ఒక వ్రతంగా వివరించారు. ఆహారాన్ని ఔషధంవలె, శరీర పోషణకు అవసరమైనంత మేరకే స్వీకరించాలన్నది ఆయన అభిమతం. జపాన్ తేనీటి సంప్రదాయం ఇందుకు భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ తీర్చిదిద్దిన ఆ పద్ధతిలో ఒక గిన్నెడు తేనీరు, దానికి ముందు అందించే చిన్న మిఠాయి చిత్తాన్ని ఏకాగ్రం చేసే సాధనాలయ్యాయి. ఒకటి రుచిని నిగ్రహించమంటుంది. మరొకటి రుచిపై శ్రద్ధ నిలపమంటుంది. అయినా రెండింటికీ మితమే ప్రాణం.

ఆ తేనీటికి వాడే మాచా పొడి నేడు కేకులలో, ఐస్‌క్రీములలో చేరి ఢిల్లీ, గురుగ్రామ్ కెఫేల దాకా వచ్చింది. కోతకు ముందు దాదాపు మూడు వారాలపాటు తేయాకు మొక్కలను నీడలో ఉంచాలి. రాతి తిరగలి గంటకు సుమారు 40 గ్రాముల పొడిని మాత్రమే ఇస్తుంది. గిరాకీ ఈ నిదానాన్ని మించిపోవడంతో 2024లో క్యోటోలోని కొన్ని ప్రసిద్ధ తేయాకు సంస్థలు ఒక్కొక్కరికి అమ్మే పరిమాణంపై పరిమితి విధించవలసి వచ్చింది.

పాత ఢిల్లీలో అటువంటి పరిమితిని ప్రకృతే విధిస్తుంది. చాందినీ చౌక్, కినారీ బజార్ పరిసరాలలో శీతాకాలపు ఉదయాలలో అమ్మే ‘దౌలత్ కీ చాట్’ పేరుకు చాట్ అయినా నిజానికి తీపి పదార్థం. మీగడ కలిపిన పాలను రాత్రి చలిలో ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి తేలిన నురగను పళ్లెంలోకి ఎత్తుతారు. దానిపై కోవా, పంచదార పొడి, పిస్తా చల్లుతారు. ఎండ ముదిరితే నురగ కరిగిపోతుంది. లక్నోలోని నిమిష్, వారణాసిలోని మలయ్యో ఇదే కోవకు చెందినవి. దౌలత్ అంటే సంపద. అయితే ఈ సంపదను దాచుకునే వీలు లేదు.

ఈ క్షణికతను కీర్తించడం సులభం. కాని ఋతువుతోపాటే బేరం ముగిసిపోయే విక్రేతకు క్షణభంగురత్వం తత్త్వవిషయం కాదు, జీవనోపాధి సమస్య. నెలజీతం గలవారు కొరతలో సౌందర్యాన్ని దర్శిస్తూ, ఆ కొరత భారాన్ని మాత్రం పళ్లెం ముందు నిలిచినవాడికి వదలివేయడం న్యాయమనిపించుకోదు.

కనుక రుచి చూడవచ్చునా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న కాదు. పరిమితిని ఎవరు భరించాలన్నదే ప్రశ్న. తినేవాడు తన కోరికను ఋతువుకు లోబరచుకోవాలి. చేసేవాడి రాత్రి శ్రమకు బేరమాడకుండా తగిన వెల చెల్లించాలి. బాధ్యత అంతటితో తీరదు. ఈ మిఠాయికి పాలతోపాటు చల్లని, నిర్మలమైన రాత్రి కూడా కావాలి. చలికాలంలో రాజధానిని పొగమంచు వలె కమ్ముకునే కాలుష్యం ఆ పాలగిన్నె పైనా వాలుతుంది. ఆ గాలి ఏ ఒక్కరి సొత్తూ కాదు, దానిని చెడగొట్టడంలో మాత్రం నగరవాసులందరికీ ఎంతో కొంత భాగమున్నది. నాలుకపై నిమిషంలో కరిగిపోయే రుచి కూడా ఈ విధంగా పరుల శ్రమకు, అందరి ఆకాశానికి ఋణపడి ఉంటుంది. ఆ ఋణాన్ని గుర్తించి తీర్చుకునేవాడికి రుచిని ఆస్వాదించడం దోషం కాబోదు.