చెప్పుట పాపమును నేర్పుటయా?



అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల నుండి మన పిల్లలు అనేకులు బందరుకును గుడివాడకును చదువులకు వెళ్లుచున్నారు. 1843లో రాబర్టు నోబుల్ దొరగారు పాఠశాలగా ప్రారంభించిన నోబుల్ కళాశాల నాటినుండి ఇది మనకు అలవాటే. పెట్టె సర్ది, ప్రార్థన చేసి, ఖర్చులకు డబ్బిచ్చి పంపుచున్నాము. ఒక్క సంగతి మాత్రము చెప్పక పంపుచున్నాము.

హెచ్.ఐ.వి. గూర్చియు, దానినుండి కాపాడుకొను మార్గముల గూర్చియు యౌవనస్థులకు చెప్పవలెనా? చెప్పినయెడల పాపమునకు దారి చూపినట్లగునని కొందరు పెద్దలు భయపడుచున్నారు. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. వివాహమునకు ముందు పవిత్రత, వివాహములో నమ్మకత్వము అను బోధను మనము విడువము. అయితే మన మౌనము వారి పవిత్రతను కాపాడునా?

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను దివిసీమ మరువలేదు. ఆ తరువాత ఈ తీరమున తుపాను రక్షణ భవనములు కట్టిరి. కట్టినవారు తుపాను రావలెనని కోరిరా? వచ్చినను ప్రాణములు నిలువవలెనని కట్టిరి.

తుపాను మన చేతిలో లేదు, నడత మన చేతిలోనే ఉన్నదని ఒకరు అనవచ్చును. నిజమే. కాని తప్పటడుగు వేసినవానికి ప్రాణాంతకమైన వ్యాధియే తగిన శిక్షయని తీర్పు తీర్చు అధికారము మనకెవరిచ్చిరి? అంతేకాక, భర్త నడతవలన ఏ తప్పును ఎరుగని భార్యకును, ఆమె కడుపులోని బిడ్డకును ఇది సోకుచున్నది గదా!

కాబట్టి స్పష్టముగా చెప్పుదము. మన దేశములో ఈ క్రిమి 1986లో మద్రాసులో మొదట బయటపడెను. రక్షణలేని సంభోగమువలనను, క్రిమియున్న రక్తము, సూదులవలనను, తల్లినుండి బిడ్డకును ఇది సోకును. కలిసి భుజించినను, చేయి కలిపినను, దోమ కుట్టినను, ప్రభుబల్లయొద్ద ఒకే పాత్రలో త్రాగినను సోకదు. కండోమును ప్రతిసారి సరిగా వాడినయెడల అది చాలమట్టుకు అడ్డుకొనును. సందేహమున్నవారు ప్రభుత్వాసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రములో ఉచితముగా, రహస్యముగా పరీక్ష చేయించుకొనవచ్చును; 1097 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. 2004 నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. మందు మానక వాడి, పరీక్షలో క్రిమి కనబడనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నవారినుండి సంభోగము ద్వారా ఇతరులకు సోకదు. ఈ వ్యాధిగలవారిపట్ల వివక్ష చూపుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది.

చట్టమునకు ఎంతో ముందే ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను. నీకీ రోగమెట్లు వచ్చెనని అతని నడుగలేదు. మన సంఘములో హెచ్.ఐ.వి. గలవారున్నయెడల వారి ఇంట కూర్చుండి భోజనము చేయుదము.

ఈ నెలలోనే తండ్రులు కుమారులతోను, తల్లులు కుమార్తెలతోను ఈ సంగతి మాటలాడవలెనని కోరుచున్నాము. సిగ్గు కలుగును, అయినను మాటలాడుడి. బిడ్డకు ఆపద వచ్చిననాడు మొదట మనయొద్దకే రావలెను. ఈనాడు మనము నోరు తెరువనియెడల, ఆనాడు వాడు మన గుమ్మము త్రొక్కడు.