గాజు తొట్టిలోని మూగజీవి: మన చేతిలోని అమానతు

నేడు తిరుపతి, చిత్తూరు పట్టణాలలోని మన ఇళ్లలో కూడా రంగు చేపల తొట్టి కనిపిస్తోంది. పండుగకు పిల్లలు అడిగారని కొందరు, ముందు గదికి అందమని కొందరు తెచ్చుకుంటారు. కొద్ది రోజులకే చేపలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. మళ్లీ కొత్తవి తెస్తారు. “పట్టి తినడానికే అనుమతి ఉన్నప్పుడు పెంచితే తప్పేమిటి?” అని ఒకరు అడుగుతారు. “స్వేచ్ఛగా ఈదే జీవిని గాజు గోడల మధ్య బంధించడం పాపం కాదా?” అని మరొకరు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలనూ ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

నీటిలోని వేటను అల్లాహ్ మనకు హలాల్ చేశాడు. ఇక పెంపకం విషయానికి వస్తే, హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) దానిని ఉంచుకోవద్దని వారించలేదు. అది చనిపోయి పసివాడు దిగులుగా ఉన్నప్పుడు దాని సంగతి అడుగుతూ ఆప్యాయంగా పలకరించారు. దీనిని బట్టి, సరిగా చూసుకునే పక్షంలో ఇలాంటి జీవులను పెంచుకోవచ్చని ధర్మవేత్తలు చెప్పారు. కనుక పెంపకం నిషిద్ధం కాదు. కాని అనుమతి వెంట బాధ్యత కూడా వస్తుంది. తినడానికి పట్టిన చేప బాధ కొద్దిసేపే. పెంచడానికి తెచ్చిన చేప బ్రతుకంతా మన చేతిలోనే ఉంటుంది.

పిల్లిని కట్టివేసి, దాని చావుకు కారణమై నరక శిక్షకు గురైన స్త్రీ గురించి దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆమెకు శిక్ష ఎందుకు పడిందో గమనించండి. ఆమె దానికి తిండి పెట్టలేదు, వెతుక్కుని తినడానికి వదలనూ లేదు. గాజు తొట్టిలోని చేప అంతకంటే నిస్సహాయమైనది. తిండే కాదు, అది పీల్చే ప్రాణవాయువు, అది బ్రతికే నీరు కూడా మనం సమకూర్చవలసిందే. ఒక అన్సారీ తోటలోని ఒంటె దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని యజమానిని పిలిపించి మందలించారు. చేపకు ఆ కన్నీరూ లేదు, అరుపూ లేదు. కనుక దాని బాధ ఏమిటో మనమే నేర్చుకుని తెలుసుకోవాలి.

చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి నీటిలో అమ్మోనియా అనే విషం తయారవుతుంది. దానిని మార్చివేసే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజే పది చేపలు వేస్తే, నీరు తేటగా కనిపిస్తున్నా అవి విషంలోనే ఈదుతుంటాయి. పిల్లలు ప్రేమతో గుప్పెడు మేత వేస్తారు. ఆ ప్రేమే వాటిని చంపుతుంది. రెండు మూడు నిమిషాలలో తినగలిగినంతే వేయాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది గనుక నీటిని ముందుగా ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచాలి. మన ఎండలకు నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, మగ్గుతో ఆ నీటినే తీసి పైనుంచి పోస్తూ ఉండాలి. గోల్డ్ ఫిష్ సరిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బ్రతుకుతుంది. చిన్న గాజు గిన్నె దానికి తగదు. ఫైటర్ చేప పైకి వచ్చి గాలి పీల్చగలదు గనుక చిన్న సీసాలో కూడా ప్రాణంతో ఉంటుంది. ప్రాణంతో ఉండడం వేరు, సుఖంగా ఉండడం వేరు.

నీటి కరువున్న మన ప్రాంతంలో ఇది దుబారా కాదా అనే సందేహం కూడా సమంజసమే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో దాదాపు 56 లీటర్ల నీరు పడుతుంది. వారానికి నాలుగో వంతు మార్చితే 14 లీటర్లు, అంటే సుమారు ఒక బిందె. తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. కరివేపాకు చెట్టుకు పోస్తే వృథా కాదు. అయితే వీధిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే పొరుగువారి దాహం తీరడం ముందు. ఆ ఒక్క బిందె కూడా కష్టమైన ఇంట్లో తొట్టి పెట్టకపోవడమే మేలు.

ఫ్లవర్‌హార్న్ చేప అదృష్టం తెస్తుందని, చేప చనిపోతే ఇంటి కీడును తీసుకుపోయిందని కొందరు నమ్ముతారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనివి. పైగా ఈ నమ్మకం మన నిర్లక్ష్యానికి ముసుగు వేస్తుంది. సూదితో రంగు ఎక్కించిన గాజు చేపలను కూడా కొనకండి. సృష్టికర్త వాటిని పారదర్శకంగా, అందంగానే సృష్టించాడు.

విసుగు పుట్టినప్పుడు “స్వేచ్ఛ ఇస్తున్నాం” అంటూ చెరువులో వదలడం కూడా దయ కాదు. తొట్టి అద్దాల పాచి తింటుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అది తూర్పు కనుమల జలాశయాలకు వ్యాపించినట్లు హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు గుర్తించారు. అది వలలను చింపి, స్థానిక చేపల తిండికి పోటీ అవుతుంది. ఒక జీవిని వదిలించుకోవడానికి ఎన్నో జీవులకు, జాలరుల జీవనానికి హాని చేసినవారమవుతాం. పెంచలేనప్పుడు పెంచగలిగినవారికి అప్పగించాలి. అందుకే ఆలోచన కొనడానికి ముందే ఉండాలి.

2017లో కేంద్ర ప్రభుత్వం రంగు చేపల దుకాణాలకు, అక్వేరియంలకు నియమాలు ప్రకటించి, తర్వాత ఉపసంహరించుకుంది. ప్రభుత్వ నియమాలు వస్తాయి, పోతాయి. మన అధీనంలోని జీవుల గురించి అల్లాహ్ ముందు చెప్పుకోవలసిన లెక్క మాత్రం మిగిలే ఉంటుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పి, మేత వేసే పని, నీళ్లు మార్చే పని వారితోనే చేయించండి. నోరు లేని ప్రాణి హక్కును గుర్తించిన బిడ్డ రేపు పనిమనిషి హక్కును, పొరుగువాని హక్కును, వృద్ధులైన తల్లిదండ్రుల హక్కును కూడా గుర్తిస్తాడని ఆశించవచ్చు.

మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణి పట్ల దయతో, తెలివితో మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.