స్వధర్మమును గుర్తించుట ఎట్లు?

ఏ చదువు చదువవలెను? ఏ వృత్తిని చేపట్టవలెను? చేయుచున్న పని తనకు తగినదేనా? ఈ ప్రశ్నలు నేడు ప్రతి గృహమునందును వినవచ్చుచున్నవి. పూర్వము కుమారుడు సాధారణముగా తండ్రి వృత్తినే అవలంబించుచుండెను గనుక ఈ విచారమునకు అంతగా అవకాశము లేకుండెను. నేడు ఎన్నుకొను స్వేచ్ఛ కలిగినది. దానితోపాటు ఎన్నికలో పొరపడుదుమేమో యను భయమును కలిగినది. ఇరువది యేండ్ల యువకుడే కాదు, ఏబది దాటిన ఉద్యోగియు, తన జీవితమంతయు తనది కాని పనిలో గడచిపోయినదని లోలోపల పరితపించుట కలదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కురుక్షేత్రమున గాండీవమును జారవిడిచిన అర్జునుని ముందు నిలచినదియు ఇదియే. యుద్ధమును వీడి భిక్షాటనముతో జీవించుట మేలని అతడు తలచెను. అయితే ఆ తలపు వైరాగ్యము వలన పుట్టినది కాదు. బంధువులను చూచి కలిగిన శోకమువలన పుట్టినది. కనుకనే భగవానుడు దానిని అంగీకరింపలేదు. స్వధర్మమును గూర్చిన బోధను మూడవ యధ్యాయమున చెప్పి, మరల పదునెనిమిదవ యధ్యాయమున చెప్పుటనుబట్టి ఆ విషయమునకు గల గౌరవము తెలియుచున్నది. చేయవలసిన పని కష్టమైనంత మాత్రమున అది తనది కాకపోదు. ఇతరుల పని సుందరముగా కనబడినంత మాత్రమున అది తనది కాజాలదు.

అట్లయిన, ఉన్న పనిని విడిచి వేరొక పనికి పోవుట ఎన్నడును కూడదా? దీనికి సమాధానము రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన తెలియగలదు.

మొదటిది మహాభారతము అరణ్యపర్వములోని కౌశికుని కథ. కౌశికుడు వేదాధ్యయనపరుడు, తపస్వి. కోపదృష్టితో కొంగను దహింపగల శక్తి గలవాడు. ఒక గృహిణి, భర్తకు పరిచర్య చేయుచు అతనికి భిక్ష ఆలస్యముగా తెచ్చి, ధర్మము తెలియగోరిన మిథిలకు పొమ్మని చెప్పెను. అచ్చట ధర్మవ్యాధుడు మాంసవిక్రయము చేయుచుండెను. అతడు కౌశికుని తన యింటికి తీసికొనిపోయి, వృద్ధులైన తలిదండ్రులను చూపి, వీరే తనకు దైవములని చెప్పెను. పిమ్మట, అనుమతి లేకయే తలిదండ్రులను విడిచి అధ్యయనమునకై వచ్చిన కౌశికుని, తిరిగి పోయి వారిని సేవింపుమని ఉపదేశించెను. కౌశికుడు ఎన్నుకొన్న వేదవిద్య తక్కువదా? కాదు. కాని దానికొరకు అతడు తనపై ఆధారపడినవారిని కన్నీటిపాలు చేసెను.

రెండవది అనంతాళ్వారుల కథ. శ్రీరంగమున భగవద్రామానుజులు నమ్మాళ్వారుల తిరువాయ్మొళిని వివరించుచుండగా వేంకటాచలమున పుష్పకైంకర్యము ప్రస్తావనకు వచ్చెను. అచ్చట ఉండి స్వామికి పూలమాలలు సమర్పింపగలవారు ఎవరని ఆచార్యులు అడిగిరి. తిరుమల నాడు దట్టమైన అడవి; సహింపరాని చలి. సభ మౌనము వహించెను. అనంతాళ్వారులొక్కరే లేచి నిలచిరి. వారు భార్యతో కొండకు వచ్చి, చెరువు త్రవ్వి, పూదోట పెంచి, జీవితమంతయు ఆ సేవయందే గడపిరి.

ఇరువురును ఉన్నచోటు విడిచినవారే. భేద మెక్కడ నున్నది? కౌశికుడు తన ఉన్నతిని కోరి పోయెను. అనంతాళ్వారులు ఒక అవసరమును విని లేచిరి. తోటపని తమకు ప్రియమగునా, అందు కీర్తి కలుగునా యని వారు విచారింపలేదు. చేయవలసిన సేవ యున్నది, చేయువాడు లేడు. అదియే వారికి పిలుపైనది. కావున వృత్తి మార్చుకొనదలచినవాడు తన్ను తాను రెండు మాటలు అడిగికొనవలెను: ఉన్నదానిని భరింపలేక పారిపోవుచున్నానా, లేక ఒక అవసరము నన్ను పిలుచుచున్నదా? నేను పోయినచో నన్ను నమ్మియున్నవారి గతి యేమి? ఈ రెండింటికిని మనస్సాక్షి తృప్తిపడినచో నిస్సంకోచముగా ముందుకు పోవచ్చును.

ఇక ఎన్నుకొను అవకాశమే లేనివారు లోకమున పెక్కుమంది కలరు. కుటుంబపోషణకై ఇష్టము లేని కొలువు చేయువారు, రోగియైన తల్లిని విడువలేక చదువు మానుకొన్నవారు, వంటయింటి గోడల నడుమనే ఆయుష్షు గడపిన గృహిణులు తమ జన్మ వ్యర్థమైనదని కుందవలసిన పనిలేదు. కౌశికునికి దారి చూపినది అట్టి గృహిణియే, అతనికి ధర్మము తెలిపినది అంగడివాడే. అయితే వారి ఓర్పును ఇంటివారు ఆసరాగా తీసికొని, వారి కోరికలను ఎన్నడును విచారింపకుండుట ధర్మము కాదు.

తనకు తగిన సేవ లభించిన పిదప గూడ ఒక ప్రమాదము కలదు. అనంతాళ్వారులు చెరువు త్రవ్వుచుండగా గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సహాయము చేయుదుననగా వారు వలదనిరి. బాలుడు చాటుగా ఆమె తట్టను అందుకొని మోసెను. అది గమనించి, తమ కైంకర్యమున వేరొకరు పాలుగొనుట సహింపక, వారు గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. ఆలయమున చూడగా స్వామి గడ్డము నుండి రక్తము స్రవించుచుండెను. బాలుడెవరో అప్పుడు తెలిసి వారు విలపించిరి. స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము అద్దుట నాటినుండియే అని పెద్దలు చెప్పుదురు. ఆ గునపమును ఆలయ మహాద్వారము కడ యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

ఆ గునపము చూచినప్పుడెల్ల ఒక విషయము స్మరింపదగినది. పని తనదైనను, ఫలమును గౌరవమును తనవి కావు. "నాది" యను మాట అంతటి భక్తుని చేత స్వామినే గాయపరచినది. అయినను స్వామి ఆ తోటను విడువలేదు. బ్రహ్మోత్సవముల మరునాడు భాగ్ సవారి ఉత్సవమున శ్రీవారు అనంతాళ్వారుల తోటకు వేంచేయుచున్నారు. చేతికి వచ్చిన పనిని శ్రద్ధతో చేయుచు, తోడు వచ్చినవారిని త్రోసివేయక, దానిని భగవదర్పణము చేయువానికి తన పని యేదియను సంశయము క్రమముగా తొలగిపోవును. అట్టి బుద్ధిని శ్రీనివాసుడు ఎల్లరకు ప్రసాదించుగాక!