శ్రమలన్నియు సిలువ శ్రమలేనా?

ధ్యాన వాక్యభాగములు: 1 పేతురు 4:12-19, అపొ. కా. 4:23-31



మన గ్రామ సంఘములలో సాక్ష్యమునకు లేచినవారి నోట తరచుగా వినబడు మాట యొకటి కలదు. నమ్ముకొన్న దినము మొదలుకొని నాకు శ్రమలే వచ్చినవి, నేను సరియైన త్రోవలో ఉన్నాననుటకు అదే గురుతు అని వారందురు. విన్నవారు ఆమేన్ అందురు. అట్లు చెప్పువారిలో అనేకులు నిజముగా దెబ్బలు తిన్నవారే, కూలి పోగొట్టుకొన్నవారే, పుట్టినింటి గడప తొక్కవద్దని మాట పడినవారే. వారి కన్నీటిని మనము తేలికగా ఎంచరాదు. అయినను ఆ మాటను ఒక్కసారి నిదానించి చూడవలెను. ఎదిరింపు వచ్చినంత మాత్రమున మనము సత్యమందున్నట్లా? నిజముగా ప్రభువు నిమిత్తమే ఎదిరింపు వచ్చినప్పుడు నిలుచుట అనగా ఏమి? ఎదిరించువారు కన్న తల్లిదండ్రులే అయినప్పుడు వారికి మనమేమి ఋణపడియున్నాము? ఈ మూడు ప్రశ్నలను ఈ నెల కలిసి ధ్యానింతము.

మొదటి ప్రశ్నకు పేతురు తన మొదటి పత్రికలోనే జవాబిచ్చెను. చిన్న ఆసియాలో చెదరియున్న విశ్వాసులకు ఆయన ధైర్యము చెప్పుచు, క్రీస్తు నామము కొరకు నిందపడుట ధన్యతయే అనెను. కాని వెంటనే ఒక కంచె వేసెను. నరహంతకునిగాను, దొంగగాను మీలో ఎవడును బాధపడకూడదనెను. ఆ వరుసలోనే ఇతరుల పనులలో తలదూర్చువానిని కూడ చేర్చెను. ఇది మనము గమనింపవలసిన సంగతి. హంతకుని ప్రక్కన జోక్యగానిని నిలువబెట్టుట ఎందుకు? వాడు తన నోటి దురుసుతనము వలన దెబ్బలు తిని, అవి సిలువ దెబ్బలని లెక్క వేసికొనును గనుక. పొరుగువాని దేవుని పరిహసించి తిట్లు తిన్నవాడు క్రీస్తు కొరకు తిట్లు తినలేదు. అప్పు ఎగవేసి పంచాయతీలో నిలిచినవాడు పౌలువలె న్యాయపీఠము ఎదుట నిలువలేదు. కాబట్టి శ్రమను చూచి సత్యమును తేల్చుకొనలేము. శ్రమకు కారణమేదో ముందు తేల్చుకొనవలెను.

ఆది సంఘమును జనులు ఎందుకు ఎదిరించిరో అపొస్తలుల కార్యముల గ్రంథము దాపరికము లేకుండ చెప్పుచున్నది. యెరూషలేములో అధికారులు తమ పెద్దరికము పోవునని భయపడిరి. ఫిలిప్పీలో సోదె చెప్పు దాసి స్వస్థపడగా, ఆమె యజమానులు తమ రాబడి పోయినదని పౌలును సీలను పట్టుకొనిరి (16:19). ఎఫెసులో దేమేత్రియు అను కంసాలి తన వృత్తి పాడగుచున్నదని పట్టణమునంతటిని కలవరపెట్టెను (19:24-29). సుమారు క్రీ. శ. 112లో బితూనియ పాలకుడైన ప్లినీ చక్రవర్తి ట్రాజనుకు వ్రాసిన ఉత్తరములో గుడులు పాడుపడినవనియు, బలి మాంసమును కొనువారు కరవైరనియు కనబడుచున్నది. అనగా మారుమనస్సు ఒక్కని గుండెలో జరిగినను దాని లెక్క బజారులో తేలును.

మన తెలుగు దేశములోను ఇట్లే జరిగెను. ఒంగోలు ప్రాంతమున 1866 మొదలు మాదిగలు విశ్వాసులగుచుండగా, మిషనెరీ జాన్ క్లౌ వారికి మూడు నియమములు చెప్పెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చెప్పుటకు మూడు చిన్న మాటలే. అయితే ఊరిలో వాటి అర్థమేమి? కోతల కాలములో కామందు పొలమునకు పాలేరు వారమునకొక దినము రాడు. చచ్చిన గొడ్డును ఊరి వెలుపలికి ఈడ్చుకొనిపోయి దాని తోలును, మాంసమును తీసికొను పాత ఏర్పాటు చెడును. అమ్మవారి జాతరలో డప్పు మ్రోగదు. డప్పు మ్రోగకపోయిన అమ్మవారికి కోపము వచ్చి కలరాయో మశూచియో ఊరిమీద పడునని ఆ కాలపు రైతు నిజముగా భయపడెను. కళ్ళములో మేర కొలిచి ఇచ్చునది ఈ పనులన్నిటి నిమిత్తమే గదా, పని మానినవానికి మేర ఎందుకని ఆయన అడిగెను. నూతికి రావద్దు, మా పొలము గట్టున నడువవద్దు అనుట అక్కడనుండి వచ్చినదే.

దీనిని మేమెందుకు ఇంతగా చెప్పుచున్నాము? ఎదిరించువాడు అన్యాయము చేయలేదని కాదు. దప్పికగొన్నవానికి నీళ్లు ఆపుట ఏ కాలమందును అన్యాయమే. కాని ఎదిరించువాని భయమేమో, నష్టమేమో ఎరిగిన విశ్వాసి వానిని ద్వేషింపకుండ నిలువగలడు. ఎరుగనివాడు వానిని సాతానని పేరు పెట్టి, తనకు తెలియకయే తానును ద్వేషములో పడును. స్తెఫను తన్ను రాళ్లతో కొట్టువారి కొరకు మోకాళ్లూనెను. వారిలో సౌలు అను యౌవనుడు ఉండెనని, రేపు అతడే అపొస్తలుడగునని స్తెఫనుకు తెలియదు. మనలను ఎదిరించువారిలో ఎవరున్నారో మనకును తెలియదు.

మన గోదావరి డెల్టాకు సువార్త వచ్చిన విధమును కూడ తలంచుదము. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పిలుపునందుకొని 1836లో ఇంగ్లండునందలి బార్న్‌స్టేపుల్ ఊరినుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు భార్యలతో బయలుదేరి వచ్చి, పిమ్మట నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడిరి. ఒకరు రాతి పనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. నెల జీతమింత అని పూచీ ఇచ్చు సంఘమేదియు వారి వెనుక లేదు. మొదటి యేండ్లలో ఫలము బహు స్వల్పము. ధవళేశ్వరము ఆనకట్ట 1847 మొదలుకొని 1852 వరకు కట్టబడెను. అంతకు పూర్వమే వారు ఈ నేలమీద నిలిచిరి. ఇందులో మనకొక పాఠము కలదు. నష్టము భరించుమని ఎదుటివానితో చెప్పుటకు నష్టము ఎరిగినవానికే నోరుండును. నేడు ఒక పాలేరు కుటుంబమునకు బాప్తిస్మమిచ్చి, మరునాడు కామందు వారిని పనిలోనుండి తీసివేయగా, ప్రార్థించుచున్నాము అని మాత్రము చెప్పి ఇంటికి పోవు సంఘము తన పని సగమే చేసినది. యెరూషలేము సంఘములో అక్కరగలవాడు లేకపోయెనని లూకా వ్రాసెను (4:34). అది ఎదిరింపు మధ్యను వ్రాయబడిన మాటయని మరువరాదు.

ఇక రెండవ సంగతి, తల్లిదండ్రుల మాట. మచిలీపట్టణములో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాలలో చదివిన మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు యౌవనులు 1852లో బాప్తిస్మము పొందిరి. వార్త తెలియగానే బంధువుల దుఃఖమునకు మేర లేకపోయెను. పిల్లలను మానిపించుటతో బడి దాదాపు ఖాళీ అయ్యెను. తరువాత వారిద్దరును గురువులుగా అభిషేకింపబడిరి. అంతకు ముందే 1833లో కటకములో బాప్తిస్మము పొందిన చౌధరి పురుషోత్తము గారు బ్రాహ్మణ కులమును, బంధువులను విడిచి వచ్చినవారే. ఆయన కీర్తనలు నేటికిని మన గుళ్లలో పాడుచున్నాము. పాడునప్పుడు వాటి వెనుక విడువబడిన ఇల్లు యొకటి కలదని తలంతుమా?

ఏడ్చు తల్లిని వెనుక విడిచిన కుమారుడు అన్యాయము చేసెనా? ఈ ప్రశ్నను తేలికగా దాటిపోరాదు. ఆ తల్లి దృష్టికి కొడుకు చచ్చినట్లే. ఆమె చితికి నిప్పు పెట్టువాడు లేడు, పంక్తిలో కూర్చుండువాడు లేడు. తన్నుకంటె తండ్రినైనను తల్లినైనను ఎక్కువగా ప్రేమించువాడు తనకు పాత్రుడు కాడని ప్రభువు చెప్పెను (మత్తయి 10:37). ఆ ప్రభువే, దేవునికి అర్పితమని పేరుపెట్టి తల్లిదండ్రులకు చేయవలసినది ఎగవేసిన పరిసయ్యులను గట్టిగా గద్దించెను (మార్కు 7:9-13). ఈ రెండు మాటలను కలిపి చదివిననే త్రోవ కనబడును. మనస్సాక్షి దేవునిది. దానిని తండ్రి చేతికి కూడ ఇచ్చుటకు మనకు అధికారము లేదు. మనస్సాక్షి తప్ప తక్కినదంతయు, అనగా సేవ, సంపాదన, మంచి మాట, మంచమున పడిన దినమున దగ్గర నుండుట, ఇవన్నియు వారివే. నమ్ముకొన్న తరువాత ఇవి తగ్గినయెడల, ఆ ఇంట సువార్తకు అడ్డుబండ మనమే. 1850వ సంవత్సరపు 21వ చట్టము మతము మారినవానికి ఆస్తి హక్కు పోకుండ కాపాడెను. అది న్యాయమే. అయితే హక్కు కలిగియుండుట వేరు, దానిని అన్నదమ్ముల మీద కసి తీర్చుకొనుటకు వాడుట వేరు.

సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనిని నమ్మక దూరముగా ఉంచిరి. బర్నబా చేయి పట్టుకొని తీసికొనివచ్చెను (9:26-27). క్రొత్తగా వచ్చినవానికి ఎదిరింపు బయటనుండి మాత్రమే రాదనుటకు ఇది సాక్ష్యము. నోబుల్ గారి పాఠశాలలో సహితము అగ్రకులముల వారు పోవుదురను వెరపుచేత మాల మాదిగ పిల్లలకు మొదట చోటు లేకపోయెను. సువార్త చెప్పు గడపయే కొందరికి మూయబడెను. నేటికిని మన డెల్టాలో ఒకే ఊర మాలపేట గుడి వేరు, మాదిగపేట గుడి వేరుగా నిలిచిన చోట్లు కలవు. ఊరు తనను వెలివేసినదని ఏడ్చువాడు, మరియొక పేటనుండి వచ్చిన సహోదరుని ప్రక్కన కూర్చుండుటకు సంకోచించినయెడల ఆ కన్నీటిలో సగము ఉప్పు తనదే.

ఇప్పుడు కష్టమైన మాటకు వచ్చితిమి. క్రీ. శ. 250లో దేకియు చక్రవర్తి, ప్రజలందరు దేవతలకు బలి అర్పించి అర్పించినట్లు అధికారులయొద్ద పత్రము పొందవలెనని ఆజ్ఞాపించెను. కార్తేజు పట్టణములో కొందరు క్రైస్తవులు చెరసాలకు పోయిరి. కొందరు బలి అర్పించిరి. మరికొందరు బలి అర్పింపక, డబ్బిచ్చి పత్రము మాత్రము కొనుక్కొనిరి. హింస సద్దుమణిగిన తరువాత వీరిని ఏమి చేయవలెనను వివాదము పుట్టెను. వెంటనే చేర్చుకొనుడని కొందరు, ఎన్నటికిని చేర్చరాదని కొందరు అనిరి. బిషప్పు సిప్రియను, 251లో కూడిన సభయు మధ్య త్రోవ పట్టిరి. ఒక్కొక్కని సంగతి విడిగా విచారించి, పశ్చాత్తాపమునకు సమయమిచ్చి, చేర్చుకొనుటకు ఏర్పాటు చేసిరి. పత్రము కొన్నవానిని బలి అర్పించినవానితో సమముగా ఎంచలేదు, కాని అది తప్పే కాదని కూడ చెప్పలేదు. ఆ హింసలో సిప్రియను తానే దాగియుండి నిందపడినవాడు. 258లో అతడే హతసాక్షి ఆయెను. గంపలో దిగి తప్పించుకొన్న పౌలును తలంచుకొనినయెడల, దాగుట ఎల్లప్పుడును పిరికితనము కాదని తెలియును.

మన పేటలలోను ఒక పత్రము ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములో వీరిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో ఉంచిరి. అందుచేత గుడిలో ఒక పేరును, ఆఫీసులో ఒక పేరును పెట్టుకొన్న కుటుంబములు అనేకములు. ఇది దేకియు పత్రము వంటిదే యని మేము చెప్పము. ఆ పత్రము దేవుని ఎరుగననెను, ఈ పత్రము కులమును గూర్చి పలుకును. బాప్తిస్మము పొందినను ఊరు వాని కులమును మరువలేదు. చట్టము మాత్రము మరిచినట్లు నటించుచున్నది. ఆ అన్యాయమును గూర్చి అర్జీ పెట్టుటయు, న్యాయస్థానమునకు పోవుటయు సత్యమార్గమే. పౌలును కైసరు ఎదుట చెప్పుకొందుననెను.

అయినను చట్టము అన్యాయమగుట ఒక ప్రశ్న, మన నోట అబద్ధముండుట వేరొక ప్రశ్న. అవసరమును బట్టి పేరు మారునని ఇంటిలో నేర్చుకొన్న బిడ్డ, రేపు మరింత గట్టి ఎదిరింపులో దేనిని పట్టుకొని నిలుచును? ఈ మాటను భూములు, జీతములు గలవారు సెంటు నేలలేని కూలివానిమీద రాయిగా విసరరాదు. మొదట ఆ బిడ్డ చదువునకు మీరేమి ఇచ్చుచున్నారో చెప్పి, పిమ్మట నీతి చెప్పుడు. బరువు పంచుకొననివానికి తీర్పు తీర్చు హక్కు లేదు.

కాబట్టి ప్రియులారా, ఎదిరింపు వచ్చినప్పుడు ముందుగా కారణము వెదకుదము. తప్పు మనదైనయెడల ఒప్పుకొని సరిచేసికొందము, దానికి సిలువయని పేరు పెట్టవద్దు. ప్రభువు నిమిత్తమైనయెడల ద్వేషము లేక, అబద్ధము లేక నిలుతము. తప్పించుకొనుటకు న్యాయమైన త్రోవ ఉన్నయెడల దానిని వాడుకొందము. మన ప్రక్కవాడు ఎదిరింపులో ఉన్నయెడల వాని పొయ్యి వెలుగుచున్నదా అని పోయి చూతము.

పేతురును యోహానును బెదిరింపబడి తిరిగి వచ్చినప్పుడు సంఘము ఏకముగా ప్రార్థించెను. ఆ ప్రార్థనలో శత్రువులను నాశనము చేయుమను మాట లేదు, బెదిరింపు తొలగింపుమను మాటయు లేదు. బెదిరింపులను చూడుమని ప్రభువుతో చెప్పి, తమకు ధైర్యమును, రోగులకు స్వస్థతను అడిగిరి. తమ్మును కొట్టు ఊరిలోని రోగుల కొరకు అడిగిరి. ఈ నెలలో మన కుటుంబ ప్రార్థనలలో మనలను ఎదిరించువారి యింట రోగియున్నయెడల ఆ రోగి పేరు చెప్పి ప్రార్థింతము. ఆ పేరు పలుకునప్పుడు మన నోరు తొట్రుపడకున్నయెడల, మనము నిలిచియున్నామని యెరుగుదుము. ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.