మునిగిన ఓడలు, దారి చూపే శిక్షకులు

సముద్రంలో మునిగిన ఓడను చూడడానికి దిగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు, ఆ ఓడను ఏమని తలుస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇనుప కట్టడమనుకుంటే అది చూడదగిన చోటు. చేపల ఆవాసమనుకుంటే కాపాడవలసిన చోటు. అందులో మనుషులు పోయి ఉంటే సమాధి. ఒకే ఓడ ఈ మూడూ కావచ్చు. అందుకే స్కూబా శిక్షకులు తమ తీరంలోని ఓడల దగ్గరికి జనాన్ని తీసుకుపోవాలా అన్నది భద్రతతో తేలే విషయం కాదు, అదొక ధర్మసందేహం.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ సందేహానికి రెండు ఉదాహరణలున్నాయి. తూర్పు కనుమల్లోని మహేంద్రగిరి నుంచి వచ్చే మహేంద్రతనయ నది శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరానికి ఎదురుగా 1917లో మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ ఉంది. దక్షిణాన విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉంది. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి అది తొంభై మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది, ఒక్కరూ బతకలేదు. చిల్కా మునిగి నూరేళ్లు దాటింది. ఘాజీలో పోయినవారిని తలుచుకుని బాధపడేవారు మాత్రం ఇంకా ఉండగలిగినంత దగ్గరి కాలం 1971. రెంటికీ ఒకే నియమం పొసగదు.

చావు, నీరు కలిసే చోట మతాలు వేర్వేరు సంగతులకు బరువిచ్చాయి. హిందూ ఆచారంలో అస్థికలను నదిలోనో సముద్రంలోనో కలుపుతారు. శవం దొరకనివారికి దర్భలతోనో మోదుగాకులతోనో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది. శరీరం ఎక్కడున్నా బతికున్నవారు కర్మ చేయడం ముఖ్యమన్నది అందులోని భావం. ఇస్లాంలో ఖననం నేలలోనే జరగాలి. ఓడలో పోయినవారిని తీరం చేర్చే వీలు లేనప్పుడు స్నానం చేయించి, కఫన్ చుట్టి, జనాజా నమాజు చదివి సముద్రానికి అప్పగించవచ్చు. ఖననమైనవారి ఎముకలను చెదరగొట్టడం మాత్రం తప్పు.

మహేంద్రగిరి చుట్టుపక్కల కొండల్లోని సవరల సంప్రదాయం మూడో దారి చూపుతుంది. చనిపోయినవారు సొనుమ్‌లనే ఆత్మలవుతారనీ, ఏ తీరున పోయారన్నదాన్ని బట్టి ఆ తీరు సొనుమ్‌లలో చేరతారనీ వారి నమ్మకం. కురన్ అనే మధ్యవర్తి పూనకంలోకి వెళ్లినప్పుడు ఆ నోట చనిపోయినవారు మాట్లాడతారు. బంధువులు వారితో వాదిస్తారు, నిష్ఠూరమాడతారు, ఓదారుస్తారు. తర్వాత గ్వార్ అనే కర్మలో వారి పేర రాయి నిలుపుతారు. మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో వెలువరించిన గ్రంథానికి ఈ సంభాషణలే విషయం. ఈ దృష్టిలో చనిపోయినవారి దగ్గరికి వెళ్లడం అపచారం కాదు. పలకరించకుండా వదిలేయడమే అపచారం. అయితే అందరూ తోచినట్టు వెళ్లరు. దారి తెలిసిన మధ్యవర్తి ఉండాలి.

ఆధునిక ప్రపంచం కూడా కదపకుండా వదిలేయడం, దగ్గరికి వెళ్లి పలకరించడం అనే రెండు కొసల మధ్యే తిరుగుతోంది. 1994లో బాల్టిక్ సముద్రంలో మునిగిన ఎస్టోనియా ఓడలో 852 మంది పోయారు. మరుసటి ఏడాది కుదిరిన ఒప్పందం అక్కడ డైవింగ్‌ను నిషేధించింది. పెర్ల్ హార్బర్‌లో 1941లో 1,177 మందిని బలిగొని మునిగిన అరిజోనా యుద్ధనౌక విషయంలో, ఆనాడు బతికి బయటపడి తర్వాత మరణించిన నావికుల అస్థికలను, వారు కోరితే, డైవర్లే తీసుకెళ్లి ఓడలో ఉంచారు. అక్కడ డైవింగే అంత్యక్రియ అయింది. 2001 నాటి యునెస్కో ఒడంబడిక నూరేళ్లుగా నీటిలో ఉన్న వారసత్వాన్ని ఉన్నచోటే కాపాడడాన్ని మొదటి మార్గంగా ఎంచింది. మానవ అవశేషాలను గౌరవించాలంది. దేన్నీ కదపకుండా చూసి వచ్చే సందర్శనను ప్రోత్సహించాలనీ చెప్పింది.

వెళ్లకుండా ఉండడమే గౌరవం కదా అన్న అభ్యంతరం బలమైనదే. కానీ కాపలా లేని సమాధికి ఏమవుతుందో జావా సముద్రం చూపింది. 1942లో మునిగిన డచ్ యుద్ధనౌకలు చాలామటుకు మాయమైనట్టు 2016లో బయటపడింది. పాత ఇనుము కోసం దొంగలు కోసుకుపోయారు. చూసేవారు లేనంత మాత్రాన చోటు పవిత్రంగా మిగలదు.

శిక్షకుడి పాత్ర ఇక్కడే మొదలవుతుంది. నీటిలో తేలకుండా, మునగకుండా నిలవడం రానివారి కాలితాపుకు తుప్పు పట్టిన రేకు విరుగుతుంది, బురద లేస్తుంది. తొలి స్థాయి డైవర్లకు 18 మీటర్లు, వినోద డైవింగ్‌కు 40 మీటర్లు హద్దులని నేర్పేది శిక్షకుడే. అదే నోటితో ఓడ పేరు, మునిగిన ఏడాది, పోయినవారి సంగతి దిగకముందే చెప్పవచ్చు. ఏదీ తేకూడదని, లోపలికి దూరకూడదని కట్టడి చేయవచ్చు. ఏటేటా వచ్చే మార్పును రాసిపెట్టవచ్చు. వల ఎక్కడ చిక్కుతుందో తెలిసిన మత్స్యకారులను అడిగి, వారి గంగమ్మ మొక్కులకు అడ్డు రాకుండా నడుచుకోవచ్చు. చిల్కా వంటి ఓడకు ఈ పద్ధతి చాలు. ఘాజీ వంటి యుద్ధసమాధి దగ్గర, దిగవద్దని శిష్యులకు కారణంతో సహా చెప్పడమే శిక్షకుడి పని. తమ తీరంలోని ఓడల చరిత్ర పట్టించుకోని శిక్షకుడు ఈ తేడా చెప్పలేడు.

సవరల నమ్మకంలో సొనుమ్‌లకూ ఒక ముగింపు ఉంది. కాలం గడిచాక వారు పాతాళంలో మరోసారి మరణించి, జ్ఞాపకం లేని సీతాకోకచిలుకలవుతారు. ఓడా ఒకనాటికి తుప్పుగా మారి నీటిలో కలుస్తుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అంతవరకూ వెళ్లేవారు ఎవరి దగ్గరికి వెళుతున్నారో తెలిసి వెళ్లేలా చూడడం మాత్రం శిక్షకుడి చేతిలో ఉంది.